లాక్కోవడం తెలియని నక్కపిల్లలు

అనగనగా మోకాలి లోతు ఎండుటాకులు రాలే ఒక అడవి. అందులో నీలి అనే ఆడనెమలి ఉండేది. ఓ పొద కింద నేలమీదే గుడ్లు పెట్టి, తిండీ నీళ్లూ మరిచిపోయి పొదుగుతూ కూర్చునేది. ఒకనాడు దాహం ఆగక వాగు దాకా వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ఏముంది? గూట్లో పెంకులు! పక్కనే సిద్దడు అనే నక్క మూతి నాక్కుంటూ దొరికిపోయాడు.

నీలి పెట్టిన కేకకు అడవంతా పోగైంది. అడవికి పెద్ద అలుగు తాత. ఒంటినిండా పొలుసులతో మెల్లగా నడిచే ముసలివాడు.

"ఏరా సిద్దా, తిన్నావా?" అని అడిగాడు తాత.

"తిన్నాను తాతా," అని ఒప్పుకున్నాడు సిద్దడు. ఇంకా ఏదో చెప్పబోయాడు. "దొంగకు మాటలొకటా!" అని అందరూ ఒక్కసారిగా కసిరారు.

దొంగతనం చేసినవాణ్ణి వాగు అవతలికి తరిమేయడం ఆ అడవి ఆచారం. అవతల అంతా బండలే. గడ్డిపరక కూడా మొలవదు. సిద్దడి తండ్రినీ ఒకప్పుడు అలాగే తరిమారు. ఇప్పుడు సిద్దణ్ణీ తరిమారు. కానీ వాడి పెళ్లాం బూదమ్మ నిండు చూలాలు. ఆమె సంగతేమిటి?

అప్పుడు ఎలుగుబంటి లేచాడు. వేళ్లూ దుంపలూ తవ్వి మందులిస్తాడు కనుక అందరూ అతన్ని దుంపల మామ అనేవాళ్లు.

"తండ్రిని తరిమితే కొడుకొచ్చాడు. రేపు వీడి పిల్లలొస్తారు," అన్నాడు. "నా దగ్గర ఒక వేరుంది. చూలాలు తింటే కడుపులో బిడ్డల గుణమే మారిపోతుంది. లాక్కునే బుద్ధి లేకుండానే పుడతాయి. ఇక ఈ వంశంలో దొంగే ఉండడు."

"మామ మాట నిజం," అంది ఒక లేడి. "మా ఇంట్లో తరతరాలుగా వంకరకాళ్లే. మామ వేరు తిన్నాకే నా బిడ్డ చక్కగా నిలబడింది. ఆయన చల్లగా ఉండాలి."

అలుగు తాత తల అడ్డంగా ఊపాడు. "కాలైతే కంటికి కనబడుతుందమ్మా. దొంగబుద్ధి ఒంట్లో ఎక్కడుంటుందో ఎవరు చూశారు? దాన్ని పీకేస్తే దాంతో పాటు ఇంకేం ఊడి వస్తుందో మామకు తెలుసా?"

మామ వేరుకున్న మట్టి దులుపుతూ చూపు తిప్పుకున్నాడు. తాత నీలి వైపు తిరిగాడు. "నష్టపోయింది నువ్వు. ఆచారం ప్రకారం నీ మాటే తీర్పు."

బూదమ్మ వచ్చి నీలి కాళ్ల మీద పడింది. "అక్కా, నా కడుపులోవి ఏం పాపం చేశాయి?"

నీలి కడుపు మండిపోతోంది. "నా గుడ్లేం పాపం చేశాయి?" అంది. "తినిపించండి ఆ వేరు!"

తినిపించారు. కొన్నాళ్లకు బూదమ్మ మూడు పిల్లల్ని కన్నది. చూడ్డానికి అడవంతా తరలి వచ్చింది. "ఎంత బుద్ధిమంతులో! తోసుకోవడం లేదు, అరుపుల్లేవు!" అని ముచ్చటపడ్డారు. దుంపల మామ అయితే నేల మీద నిలబడితే ఒట్టు.

నీలి కూడా వచ్చింది. తన కడుపుమంట చల్లారుతుందేమోనని ఆశపడింది పాపం. దగ్గరికి వెళ్లి చూసింది. తల్లి పాలు చుక్కలు చుక్కలుగా నేలపాలవుతున్నాయి. పిల్లలు పక్కనే ఉన్నాయి. ఒక్కటీ మూతి తిప్పడం లేదు.

"తాగడం లేదక్కా," అంది బూదమ్మ నీరసంగా. "బిడ్డన్నాక తల్లి దగ్గర పాలు లాక్కోవాలి కదా. వీటికి లాక్కోవడమే తెలీదు."

మర్నాటికి చిన్నది చచ్చిపోయింది.

నీలి పరుగున మామ దగ్గరికి వెళ్లింది. "విరుగుడు ఇవ్వు మామా!"

"లేదు తల్లీ," అన్నాడు మామ. అంత పెద్ద ఎలుగుబంటీ చతికిలబడిపోయాడు. "ఆకలీ దొంగబుద్ధీ ఒకే చోట ఉంటాయని నాకు తెలీలేదు. తెలీదని చెప్పడానికి ఆనాడు సిగ్గుపడ్డాను."

నీలి అక్కణ్ణుంచి అలుగు తాత దగ్గరికి వెళ్లింది. "తాతా, సిద్దణ్ణి పిలిపించు. బూదమ్మ పొద్దస్తమానం వాటి నోట్లో పాలు పిండుతోంది. ఆమెకు తిండి తెచ్చేవాళ్లు లేరు."

"నీ కోపం పోయిందా?"

"పోలేదు. పోదు కూడా. కానీ ఆ పిల్లలు కూడా పోతే నేను బతకలేను తాతా."

సిద్దడు వచ్చాడు. ఎముకలు బయటపడి ఉన్నాయి. నీలి ముందు తల దించుకుని నిలబడ్డాడు.

"ఎందుకు తిన్నావు?" అని అడిగింది నీలి. ఆ మాట వాణ్ణి అడగడం అదే మొదలు.

"బండల మీద పెరిగానమ్మా. పెద్దయ్యాక ఇవతలికి వస్తే దొంగ కొడుకన్నారు. ఎవరూ వేటలో కలుపుకోలేదు. ఆకలితో బూదమ్మ లేవలేకపోయింది. నీ గూడు కనబడింది. ఆమెకు తీసుకెళ్దామని వచ్చి, ఆకలికి ఆగలేక నేనే తినేశాను. అయినా నేను చేసింది తప్పే."

"తప్పే," అంది నీలి. "నీకు శిక్ష నేను వేస్తాను. ముందు నీ పిల్లల్ని బతికించు. తర్వాత నేను గుడ్లు పెట్టినప్పుడల్లా నా గూటికి కాపలా కాయి."

ఆ రోజు నుంచి సిద్దడిని వేటలో కలుపుకున్నారు. వాడు తెచ్చింది తిని బూదమ్మ లేచి తిరిగింది. పిల్లలకు కళ్లు తెరుచుకున్నాక సిద్దడు మాంసం నమిలి మెత్తగా చేసి వాటి నోట పెట్టేవాడు. నీలి మిడతల్ని పట్టి తెచ్చేది. మింగితే మింగేవి, లేకపోతే లేదు.

ఒక ఉదయం నీలి ముక్కున మిడతతో వంగింది. పెద్ద పిల్ల తేరిపార చూసింది. గభాలున ఎగిరి మిడతను లాగేసుకుంది! ఆ ఊపుకు నీలి ముక్కు చిట్లి రక్తం వచ్చింది.

"లాక్కుంది! సిద్దా, నీ కూతురు నన్ను దోచుకుంది రా!" అని నీలి భోరున ఏడ్చింది. "తిను నా తల్లీ, తిను!"

రెండోదానికి మాత్రం ఆకలి ఎప్పటికీ రాలేదు. పెద్దదైనా ఎవరో ఒకరు నోట పెడితేనే తింటుంది. రోజూ పెట్టేది నీలే.

నీతి: తప్పు చేసినవాణ్ణి శిక్షించే ముందు ఎందుకు చేశావని అడగాలి, వాడి తప్పుకు పుట్టబోయే బిడ్డను దిద్దబోవడం అంతకంటే పెద్ద తప్పు.