నక్క మాస్టారి ఆఖరి అంకం

బహుధాన్య సంవత్సరం కార్తీక శుద్ధ దశమి, బుధవారం, మధ్యాహ్నం మూడున్నర. మా అమ్మమ్మవాళ్లు ఇంటిల్లిపాదీ శివాలయంలో పురాణం వినడానికి వెళ్లిన వేళ వాళ్ల గొడ్లదొడ్డిలో జరిగిన సంగతి ఇది. అమ్మమ్మ నాకెలా చెప్పిందో అలాగే చెబుతాను.

ఆ దొడ్డిలోనే తాతయ్యగారి నాటక సమాజం వాళ్లు పద్యాలు సాధన చేసేవారు. చూసి చూసి జీవాలకూ ఆ పిచ్చి పట్టింది. గుంజకు కట్టి ఉండే ముసలి ఎద్దు బసవయ్య వాటికి గురువు. ఆయన పాఠం ఒక్కటే: "మీ మాట తర్వాత. ముందు పక్కవాడు ఏమంటున్నాడో వినండి."

గొంతు పెగలని మేకపిల్ల గౌరికి ఏం వేషమని అంతా నవ్వితే, "నువ్వు చూడమ్మా. చూసేవాళ్లు లేనిదే నాటకం లేదు. రెప్ప వెయ్యకుండా చూడు," అన్నాడు బసవయ్య.

ఆ మధ్యాహ్నం కంచె సందులోంచి నక్క దూరింది. మెడలో జరీ పీలిక.

"నేను పట్నం నాటకాల మాస్టార్ని," అంది.

కోడి చుక్కమ్మ పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. "నోటి కంపు ఇంకా పోలేదే, బావా."

"కార్తీకమాసం, చుక్కమ్మా. ముక్క ముట్టి పది రోజులైంది. శివశివా." నక్క దూడవైపు తిరిగింది. "ఇన్నాళ్లూ ఏం నేర్చుకున్నావోయ్?"

"పక్కవాళ్ల మాట వినడం, మాస్టారూ."

"దానికి నాటకం ఎందుకు, చెవులు చాలవూ? నాటకమంటే కిరీటం. నాటకమంటే చప్పట్లు. ఇవాళ యుద్ధం అంకం. పద్యం పాడి అందరూ చచ్చిపడాలి. ఎక్కువసేపు కదలనివాళ్లకే కిరీటం. ఎద్దు రంకె వేసినా, ఎవరైనా 'నక్క, నక్క' అని అరిచినా అదంతా నాటకమే. కన్ను తెరిచారో, కిరీటం పోయినట్టే."

బసవయ్య పలుపు లాగాడు. "వద్దురా నాయనా. కిరీటం చూపించి కళ్లు మూయించేవాడు గురువు కాడు."

"తాతకి కడుపుమంట," అంది బాతు.

చుక్కమ్మ కూడా, తన పిల్లలు రాజులవుతారన్న ఆశతో, రెక్కలు వదులు చేసింది.

"మరి నేను?" అంది గౌరి.

"నీ గొంతుకి చావు కూడా ఎక్కువే. అవతల కూర్చో."

ఒక్కొక్కరే పద్యం పాడి పడిపోయారు. నక్క అడుగులో అడుగు వేసుకుంటూ అందరికంటే చిన్న కోడిపిల్ల బుల్లి దగ్గరికి వెళ్లి నోరు తెరిచింది.

"నక్క, నక్క," అంది గౌరి. ఎవరూ కదల్లేదు. బసవయ్య రంకె వేశాడు. దూడ ఒక చెవి ఆడించి మళ్లీ చచ్చింది.

తాతయ్యగారి సమాజంలో ఎంత ఘోరంగా చచ్చిపడ్డ వేషధారి అయినా, ఒక్క మాట వినబడితే దుమ్ము దులుపుకుని లేచి పద్యం మళ్లీ అందుకునేవాడు. ఆ మాట అనవలసింది చూసేవాళ్లే. గౌరి ఊపిరంతా కూడగట్టుకుంది.

"వన్స్‌మోర్."

చచ్చినవాళ్లంతా ఒక్కసారిగా లేచారు. రాగం అందుకోబోతూ కళ్లు తెరిస్తే ఎదురుగా బుల్లి, దాని మీద నక్క పళ్లు. చుక్కమ్మ ఎగిరి నక్క ముక్కు మీద పొడిచింది. దూడ కుమ్మిన కుమ్ముకి మాస్టారు జరీ పీలికతో సహా పేడగుంటలో పడ్డారు.

"ఏం బావా, నీ నియమం ఏమైంది?" అంది చుక్కమ్మ, బుల్లిని రెక్క కిందికి తీసుకుంటూ.

"అభినయం, చుక్కమ్మా. అభినయం నేర్పుతున్నా."

"అయితే వన్స్‌మోర్," అంది దూడ తల వంచి.

నక్క పేడ కార్చుకుంటూ కంచె సందు వెతుక్కుంది. దొడ్డి దొడ్డంతా గౌరి చుట్టూ చేరి గెంతులు వేసింది. బాతు బసవయ్య ముందు తల దించుకుని నిలబడితే, ఆయన దాని వీపు నాకి ఊరుకున్నాడు.

"నలుగురి ముందు నిలబడటం నేర్పే గురువు, ముందు ఆ నలుగురినీ పట్టించుకోవడం నేర్పుతాడమ్మా," అనేది అమ్మమ్మ.

మర్నాడు పొద్దున్నే పేడ ఎత్తడానికి వెళ్లి, గుంట దగ్గర్నుంచి కంచెదాకా నక్క అడుగులు చూసిందట. తాతయ్య సందులో తుమ్మకంప కుక్కి బిగించాడు. అమ్మమ్మ కోడిపిల్లల్ని మూడుసార్లు లెక్కపెట్టి, అన్నీ ఉన్నాయని అక్కడే తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టుకుంది.