గొడుగుబండ మెడ

1987 ఆగస్టు 16, ఆదివారం. తెల్లవారినప్పటి నుంచీ మబ్బు పట్టి ఉంది గాని ఒక్క చినుకు రాలలేదు. పడమటి గాలి మనిషిని నిలబడనివ్వడం లేదు, కళ్ళనిండా ఎర్రదుమ్ము. ఆ రోజే సుంకన్న తన మెడలోని విజిల్ తెంపి లోయలోకి విసిరేసి మా గురువుగారిని అడిగాడు: "సామీ, ఎన్నిమార్లు చెప్పినా వినని జనానికి ఏం చెప్పాల?"

ఆ లోయ పేరు నేను చెప్పను. చెబితే ఇంకో నాలుగు బస్సులు వస్తాయి. మా సీమలోనే ఒకచోట, ఇప్పుడు ఎండిపోయిన ఏరు ఒకప్పుడు ఎర్రరాతిని నిలువునా కోసుకుంటూ పోయింది. రెండు వైపులా గోడలు, గోడల నుంచి విడిపోయి ఒంటరిగా నిలబడ్డ స్తంభాలు, ఒంటె మూపులు, బోర్లించిన కాగులు, గాలి తొలిచిన కిటికీలు. నేను యాభయ్యో దశకంలో భూగర్భశాస్త్రం చదివి డిగ్రీ పుచ్చుకున్నవాణ్ణి. మా లెక్చరరు రాయిని సుత్తితో పగలగొట్టి నాలుకకు ఆనించి చూడమనేవాడు. మట్టిరాయి అయితే నాలుకకు అంటుకుంటుంది. ఆయన పెళ్ళిపీటల మీద కూడా తాళిబొట్టును నాలుకకు ఆనించి చూశాడని ఒక కథ ఉంది, అది ఇక్కడ అనవసరం.

మా గురువు తిప్పయ్యస్వామి. 'స్వామి' అన్నది జనం తగిలించింది. అంతకుముందు ఆయన గొర్రెలు కాసేవాడు. లోయ అంచున గొడుగుబండ కింద ఉండేవాడు. పైన ఏనుగంత గట్టిరాయి, కింద సన్నని మెడ. మెడంతా పలకరాయి, పొరలు పొరలుగా. ఏది అడిగినా ఆయన జవాబు చెప్పేవాడు కాదు, ఏదో పని మీద లేచిపోయేవాడు. పదిహేనేళ్ళు నోటుబుక్కు పట్టుకుని ఆయన ముందు కూర్చున్నవాణ్ణి, ఆ విసుగు నాకు తెలుసు. నన్ను 'కాలేజీ' అని పిలిచేవాడు.

అసలు పీడ ఇది. కొండ ఎక్కిన చోట రాయి మీద రాయి పేరిస్తే సొంతిల్లు కడతారని మనవాళ్ళ నమ్మకం; ఎన్ని రాళ్ళు నిలిస్తే అన్ని అంతస్తులు. గుండ్రాళ్ళు నిలవవు. పలకరాళ్ళు చక్కగా నిలుస్తాయి. పలకరాళ్ళు ఎక్కడున్నాయి? గొడుగుబండ మెడలో. అందుకని వచ్చిన ప్రతివాడూ మెడలోంచి రెండు పలకలు ఊడదీసి, తన మూడంతస్తుల మేడ కట్టుకుని, ఫొటో దిగి పోయేవాడు. మెడ పోతే ఏనుగంత రాయి మా గురువు నెత్తిన పడుతుంది.

సుంకన్న ఆర్టీసీలో పాతికేళ్ళు కండక్టరుగా చేసి రిటైరై స్వామి దగ్గరికి వచ్చాడు. జనాన్ని అదుపు చేయడం తనకు వచ్చిన విద్య అనుకున్నాడు. కంప వేస్తే, దాన్ని కాల్చి టీ కాచుకున్నారు. 'రాళ్ళు తీయరాదు' అని బోర్డు పాతితే, నేల చదునుగా లేదని బోర్డును పెకలించి దాని మీదే రాళ్ళు పేర్చారు. ఇక విజిలే మిగిలింది.

ఆ ఆదివారం ఒకాయన భార్యనూ తల్లినీ వెంటబెట్టుకుని, కారులోని జాకీ రాడ్డుతో వచ్చి మెడను పొడవడం మొదలుపెట్టాడు. సుంకన్న విజిల్ ఊదుకుంటూ పరుగెత్తాడు.

"ఓ సారూ! దిగు, దిగు! ఆ రాయి ముట్టద్దు!"

"ఏంటయ్యా నీ గోల? ఈ బండకు నీ దగ్గర పట్టా ఉందా?"

"పట్టా లేదు. కింద మనిషి కూచోనుండాడు, కనపళ్ళేదా?"

"ఆయన్నే కాస్త పక్కకు జరిగి కూర్చోమను!"

చదువుకున్నవాడికి చదువుకున్నవాడే చెప్పాలనుకుని నేను అడ్డం వెళ్ళాను. పైన గట్టిరాయి ఎలా ఏర్పడింది, కింద పలకరాయి ఎందుకు మెత్తన, గాలి కిందిదాన్ని తొలిచి పైదాన్ని ఎలా వదిలేసింది, ఈ మెడకు ఎన్ని లక్షల ఏళ్ళు పట్టింది, అన్నీ పది నిమిషాలు చెప్పాను. ముగ్గురూ కదలకుండా విన్నారు. నా జన్మలో అంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు.

"ఎంత బాగా చెప్పారండీ!" అంది ఆ ఇల్లాలు. "అత్తయ్యా, విన్నారా? అయితే సార్, ఆ మెత్తటి పొర ఏదంటారు? పాపం, మావారి చేతులు బొబ్బలెక్కాయి."

నేను వేలు పెట్టి చూపించాను. చూపించిన తరవాత గాని నేను చేసిందేమిటో నాకు తెలియలేదు. అప్పటికే పలకలు అప్పడాల్లా ఊడి వస్తున్నాయి. గురువుగారు ఒక కన్ను తెరిచి నన్ను చూసి మళ్ళీ మూసుకున్నారు. సుంకన్న నన్ను అన్న మాట రాయడానికి వీల్లేదు.

వాళ్ళు అయిదంతస్తులు పేర్చుకుని వెళ్ళారు. సుంకన్న తన కొలతతాడు తెచ్చి బండ మెడకు చుట్టి చూశాడు. ఉగాదినాడు తాడుకు వేసిన ముడి జానెడు దాటిపోయింది, మెడ అంత సన్నబడింది. అప్పుడే విజిల్ విసిరేశాడు, ఆ ప్రశ్న అడిగాడు. "ఇది నీ నెత్తిన పడేదాకా వాళ్ళు ఆపరు సామీ. ఏం చెప్పాలో చెప్పు, లేదంటే రేపు పొద్దున బస్సుకే నేను ఊరికి పోతా."

స్వామి లేచి, వంట చేసిపెట్టే మారెక్కను కేక వేశాడు. "మారెక్కా, పేడగంప ఖాళీగా ఉందా?"

అంతే. మర్నాడు పొద్దున డెబ్బై దాటిన ఆ ముసలాయన గంపతో ఏట్లోకి దిగాడు. వానలకు కొట్టుకొచ్చిన పలకరాళ్ళు అక్కడ బోలెడు. గంప నింపి, నెత్తిన పెట్టుకుని, మెట్లదారిలో మూడో మలుపు దగ్గర కుమ్మరించాడు. పైకి వచ్చేవాళ్ళందరూ ఆయాసంతో కూలబడేది ఆ మలుపులోనే. మళ్ళీ దిగాడు.

సంచీ భుజాన వేసుకుని బస్సుకు బయలుదేరిన సుంకన్న దారిలోనే ఆగిపోయాడు. "వాళ్ళకు నువ్వు రాళ్ళు మోసేదేంది సామీ? రేపు ఇటికెలు గూడా మోస్తావా? సిమెంటు కలిపిస్తావా?"

"గాలికి ఎప్పుడన్నా విజిలేసినావా సుంకన్నా?" అని స్వామి ముందుకు నడిచాడు.

జనం ఆయాసంతో కూర్చున్నారు. కాళ్ళ దగ్గర రాళ్ళు కనిపించాయి. పేర్చారు, ఫొటో దిగారు. ఆ తరవాత పైకి వచ్చి బండను ఉత్త చేతులతో చూసి పోయారు. సాయంత్రం స్వామి ఆ మేడలన్నిటినీ కాలితో పడదోసి కుప్ప చేశాడు. సుంకన్నకు అదీ నచ్చలేదు. "అయ్యో, ఎవరి మేడలో ఏమో! ఒక్క పూటన్నా నిలవనియ్యవా?"

"రేపొచ్చేటోళ్ళకు రాళ్ళు కావాల గదా."

దీపావళి నాటికి సుంకన్న రెండో గంప మోస్తున్నాడు, స్వామినీ జనాన్నీ నన్నూ వరసగా తిడుతూ. మళ్ళీ ఉగాదికి తాడు చుట్టి చూస్తే తేడా గోరంత. ఆ గోరంతకే మళ్ళీ గొడవకు దిగాడు.

"అది గాలి వాటా," అన్నాడు స్వామి. "దాంతో మనకు పేచీ లేదు."

మూడేళ్ళ తరవాత మాఘమాసంలో స్వామి మంచం పట్టాడు. మమ్మల్ని పిలిచి ఉన్నవి పంచాడు. గొంగడి, రెండు గిన్నెలు, ఇత్తడి చెంబు మారెక్కకు. గంప, కొలతతాడు సుంకన్నకు.

"పొయ్యేటప్పుడు గూడా పనే చెప్తివి," అని సుంకన్న గంపలో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. ఇప్పుడు అతనికి డెబ్బై దాటాయి. మోస్తూనే ఉన్నాడు, తిడుతూనే ఉన్నాడు.

"బండ ఎవరికి సామీ?" అని మారెక్క అడిగింది.

"నాదైతే గదా ఇచ్చేకి."

ఇక ఇవ్వడానికి ఏమీ లేదు. నేను నోటుబుక్కు తెరిచి పట్టుకునే ఉన్నాను. పదిహేనేళ్ళు ఆయన మాటలు రాసుకున్నవాణ్ణి, ఉండబట్టలేక అడిగేశాను: "నాకేమీ లేదా సామీ?"

ఆయన ఒక కన్ను తెరిచి చూశాడు.

"నీకేమప్పా కాలేజీ," అన్నాడు. "మెత్తటి పొర ఏదో నీకు తెలుసు గదా."