చుక్కల సాల దించిన రోజు

"మాస్టారూ, ఓడలో అందరూ బరువు పెంచారు. పీకేసింది మాత్రం నా సాలనే ఎందుకు?"

నీలాంబరం ఈ మాట అడిగినప్పుడు సోమయాజులు గారు గొడుగు వెతుక్కుంటున్నారు. ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు ఆయనకి లేదు. ఓడల నమూనాలు గీయడం నేర్పిన ఇన్నేళ్లలో, అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎటో నడిచేవారే గాని, కుర్చీలో కూర్చుని వాదించగా ఎవరూ చూడలేదు. "లాంచీ వెళ్లిపోతుంది, పద," అన్నారు, అంతే.

రేవు పక్క కార్ఖానాలో అప్పుడు కడుతున్నది విహారానికి వెళ్లే పెద్ద ఓడ. పద్నాలుగు అంతస్తులు. దూరం నుంచి చూస్తే ఒక తెల్లటి ఊరు నీళ్ల మీదికి వచ్చి నిలబడ్డట్టుండేది. అన్నిటికంటే పైన, అద్దాల కప్పు వేసి, జనం వెల్లకిలా పడుకుని చుక్కల్ని చూసే సాల ఒకటి గీశాడు నీలాంబరం. అది గీస్తూ గీస్తూ పెళ్లి కూడా వాయిదా వేసుకున్నాడు. కాబోయే భార్య వసుంధరకి, మొదటి ప్రయాణంలో ఆ సాలలోంచి ఆకాశం చూపిస్తానని మాట ఇచ్చాడు. ఎత్తున పెట్టే బరువు ఓడకి ప్రమాదమని తెలిసినవాడు. అందుకే ఒక్కో అద్దం ఎంత తూగుతుందో, దాని చట్రం ఎంత తూగుతుందో మొదటే మాస్టారికి చెప్పి, ఒప్పించుకున్నాకే పని మొదలుపెట్టాడు.

మిగతావాళ్లు అలా అడగలేదు. వంటశాల వాళ్లు రేకు బల్లల బదులు రాతి బల్లలు వేయించుకున్నారు. రంగుల మేస్త్రి మెరుపు చాలలేదని ఇంకో పూత వేయించాడు, దాని మీద మరో పూత. నాట్యశాల తెరలు మందమయ్యాయి. ఎవర్నడిగినా "ఇంత ఓడకి ఇదెంత" అనేవారు. ఆ కార్ఖానాలో అది పలకరింపు లాగా అయిపోయింది.

కట్టడం పూర్తికావచ్చాక ఓడకి తూకం పరీక్ష పెట్టారు. ఇనప దిమ్మల్ని ఈ పక్క నుంచి ఆ పక్కకి జరిపి, లోపల దారానికి వేలాడే గుండు ఎంత పక్కకి పోతుందో చూడడం ఆ పరీక్ష. గుండు పోవలసినదానికంటే ఎక్కువే పోయింది. ఓడకి తల బరువెక్కిందన్నమాట. గాలివానలో ఒరిగితే తిరిగి లేవడం కష్టం. పైనుంచి బరువు దించాలి. కానీ రాతి బల్లలు ఎన్ని గదుల్లో ఉన్నాయో, రంగు ఎన్ని పూతలుందో వెతికి తీయడం ఎవరి తరం? చుక్కల సాల ఒక్కటే కంటికి కనబడుతోంది, దాని తూకం అందరికీ తెలుసు. ఆ ఉదయమే క్రేను దాని అద్దాల్ని ఒక్కొక్కటిగా కిందికి దించింది. ప్రతి అద్దం ఒక్క క్షణం ఇంత ఆకాశాన్ని పట్టుకుని దిగివచ్చినట్టు మెరిసింది. నీలాంబరం చివరి అద్దం దాకా నిలబడి చూశాడు.

ఇప్పుడు అవతలి గట్టున వసుంధర ఎదురుచూస్తూ ఉంటుంది. ఆమెకి ఏమని చెప్పాలో తెలియకుండానే లాంచీ ఎక్కి, మాస్టారి పక్కన కూర్చున్నాడు.

లాంచీ నిండా పని దిగిన జనం. నడిపే సరంగు నీళ్లకేసి చూసి ఇంజను ఆపేశాడు.

"అంచుకొచ్చేసినాయి నీళ్లు. కాస్త బరువు దిగాల. దిగితేగాని నాను కదపను."

ఎవరూ లేవలేదు. "నాను బక్కోణ్ణి, నా బరువేటి?" అన్నాడొకడు.

"ఆ బక్కోడి కాళ్ల కింద సంచీలో ఏటున్నాదో అడగండి," అంది వెనకనుంచి ఒక గొంతు. అందరూ నవ్వారు. నవ్వుతూనే తమ తమ సంచుల్ని బల్లల కిందికి ఇంకాస్త నెట్టుకున్నారు. నీలాంబరం కూడా నమూనాలు గీసే పనిముట్ల ఇనప పెట్టెని మడమతో వెనక్కి తోశాడు. మాస్టారి పుస్తకాల మూటా అక్కడే ఉంది.

మధ్యలో పోలమ్మ అనే చేపలమ్మి నిలబడి ఉంది. దింపడానికి చోటు లేక తడి గంప నెత్తిమీదే ఉంచుకుంది.

"అప్పా, నువ్వు దిగు. గంప చూడు ఎంతున్నాదో," అన్నారెవరో. అవునవునన్నారు మిగతావాళ్లు.

"అవతల సంత అయిపోద్ది బాబూ. పొద్దుగూకినాక ఈ చేప ఎవుడు కొంతాడు?"

ఆమె ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది. తన వంతు వచ్చేసరికి నీలాంబరం నీళ్లకేసి తిరిగాడు. పోలమ్మ ఇంకేమీ అడగకుండా రేవు మెట్టు మీదికి దిగింది. దిగి, "ఎల్లండి బాబూ. మీ పెట్టెలు జాగర్త," అంది.

లాంచీ అంచు బొటనవేలంత లేచింది. సరంగు గొణుక్కుంటూ ఇంజను వేశాడు.

సగం దూరం వెళ్లాక నీలాంబరం వెనక్కి తిరిగి చూశాడు. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. గంప దింపుకోలేదు. దింపడానికి చెయ్యి సాయం చేసేవాళ్లెవరూ ఆ మెట్ల మీద లేరు.

"నేను దిగి ఉండాల్సింది మాస్టారూ. కనీసం పెట్టె అయినా దించాల్సింది," అన్నాడు.

సోమయాజులు గారు కూడా రేవుకేసి తిరిగారు.

"ఆమె నెత్తిన పెట్టుకుంది నాయనా," అన్నారు. "మనం బల్ల కింద పెట్టుకున్నాం."