తాయారు ముడి

మండపేటలో మేనమామ వీర్రాజుగారి కల్యాణమండపంలో ఉండే మంగతాయారుకి తొందర ఎక్కువ, తన పనికి ఏది అడ్డొచ్చినా పాత చీర అంచుతో కట్టిపడేసేది.

ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడకపోతే కట్టేసేది. గాలికి కొట్టుకునే కిటికీ రెక్కని కట్టేసేది. ఒకసారి బండి నడుపుతుండగా స్కూటీ స్టాండు కిందికి జారిపోతోందని దాన్నీ పైకి కట్టేసింది. ఇంటికొచ్చి దిగి, స్టాండు ఉందనుకుని బండి వదిలేసి, బండితో సహా పాలవాడి కాళ్ళ దగ్గర పడింది. పాలవాడు భయపడి ఆ రోజు పాలు కూడా ఎక్కువ పోశాడు.

"తాయారు ముడి వేసిందంటే కత్తి పెట్టి కోయాల్సిందే" అనేవారు ఇంట్లో. వాళ్ళు వెక్కిరించడానికే అనేవారు గానీ, ఆ మాట వింటే తాయారుకి లోపల సంతోషంగానే ఉండేది.

మండపం ముందు పెద్ద లాన్ ఉండేది. దాన్ని కోయడానికి ఎవరో కాంట్రాక్టరు వచ్చేవాడు. "ఆ గడ్డేదో నేనే కోస్తాను మావయ్యా, నాకో కరెంటు మిషను కొనిపెట్టు" అని తాయారు వీర్రాజుగారి ప్రాణం తీసింది. ఆయన చివరికి సరేనన్నాడు.

"ఆదివారం సాయంత్రం మన లాన్‌లో రిసెప్షన్ ఉంది. అప్పటికి గడ్డి పరుపులా ఉంటే ఈ పని నీది. లేదంటే కాంట్రాక్టరు మళ్ళీ వస్తాడు, నువ్వెళ్ళి బుకింగ్ కౌంటర్లో కూర్చుంటావు. సరేనా?"

కౌంటర్లో కూర్చోవడమంటే తాయారుకి తేళ్ళ బుట్ట మీద కూర్చోవడమే. కుదురుగా కూర్చుని అన్నం తిన్న పాపాన కూడా పోలేదు.

మిషను వాడకం ఆమె ఫోనులో వీడియోలు చూసి తనంతట తానే నేర్చుకుంది. "ముందుగా కొన్ని జాగ్రత్తలు" అని వీడియోలో వినపడగానే వేలితో ముందుకి తోసేసేది. అయినా రెండు రోజుల్లో మిషను చేతికొచ్చింది. అది తనంతట తానే నడిచే రకం. హ్యాండిల్ దగ్గర ఒక మీట ఉండేది. దాన్ని నొక్కిపట్టినంతసేపూ బ్లేడు తిరిగేది, చక్రాలు నడిచేవి. చెయ్యి వదలగానే అన్నీ ఆగేవి.

నొక్కీ నొక్కీ తాయారు వేళ్ళు లాగాయి. ఇంకేముంది, మీటని హ్యాండిల్‌కి కలిపి చీర అంచుతో కట్టేసింది. వైరు లాగినప్పుడల్లా గోడ బోర్డులోంచి ప్లగ్గు ఊడొస్తోందని, దాన్ని కూడా పక్కనున్న మేకుకి కట్టేసింది.

వీర్రాజుగారు అది చూశాడు.

"ఏంటే ఇది?"

"మీట మావయ్యా. ఊరికే పైకి లేచిపోతోంది."

"లేవాలనే కదే పెట్టారు! చెయ్యి వదిలితే ఆగాలని."

"నేను వదలను కదా. వదలనప్పుడు ఆగడమెందుకు?"

వీర్రాజుగారు మీసం నిమురుకుని, "పోనీ, మిషను కింద చెయ్యి పెట్టేప్పుడైనా ప్లగ్గు పీకుతావా?" అన్నాడు.

"పీకుతాలే మావయ్యా" అంది తాయారు, ఆయన అక్కణ్ణించి వెళ్తే చాలన్నట్టు.

ఆదివారం తెల్లవారుజామున వాన పడింది. "ఎండొచ్చి గడ్డి ఆరాక కొయ్యి" అని చెప్పి వీర్రాజుగారు స్టేజీకి పూలు తేవడానికి బయటికి వెళ్ళాడు. తాయారు ఆకాశం వైపు చూసింది. ఎండ వచ్చేలా లేదు. వచ్చేదాకా ఆగే ఓపిక ఆమెకి లేదు. మిషను బయటికి తీసింది.

తడి గడ్డి తెగలేదు, నలిగింది. ముద్దలు ముద్దలుగా మిషను కడుపులో అతుక్కుంది. మిషను మూలిగింది, దగ్గింది, సగం లాన్ అయ్యేసరికి కదలనని మొరాయించింది. ఇంతలో కరెంటు పోయింది.

తాయారు మంచి అదును దొరికిందనుకుంది. కరెంటే లేనప్పుడు ప్లగ్గు పీకడమెందుకు? పైగా ఆ ముడి విప్పడం తన వల్ల కూడా కాదు. వంటింట్లోంచి అమ్మమ్మ చెక్క గరిటె చప్పుడు కాకుండా పట్టుకొచ్చింది. మిషనుని పక్కకి వంచి, గరిటెతో గడ్డి గోకింది. బ్లేడు వెనక మూల మాత్రం గరిటెకి అందలేదు. గరిటెని అక్కడే ఇరికించి, చున్నీ నడుముకి చుట్టుకుని, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టింది. వేళ్ళకి బ్లేడు చల్లగా తగిలింది.

"తాయారూ! పెసరట్టు చల్లారిపోతోందే!" అని వంటింట్లోంచి అమ్మమ్మ కేక వేసింది.

"వస్తున్నా!"

"ఆ రావడం ఇందాకట్నుంచీ వింటున్నా. ఇప్పుడు రాకపోతే నీ అట్టు కుక్కకి వేసేస్తా!"

తాయారు దేన్నైనా ఓర్చుకునేది గానీ, తన పెసరట్టు కుక్క తింటే మాత్రం ఓర్చుకోలేదు. విసుక్కుంటూ చెయ్యి బయటికి తీసింది. మిషనుని మళ్ళీ చక్రాల మీద నిలబెట్టింది. మిగతాది తిన్నాక చూద్దామనుకుని, గరిటె సంగతే మర్చిపోయి పరిగెత్తింది.

"నా చెక్క గరిటె ఏదే? ఉప్మా కలపాలి" అంది అమ్మమ్మ.

తాయారు నోటి నిండా అట్టు కుక్కుకుని, మాట్లాడలేనన్నట్టు చెయ్యి ఊపింది. సరిగ్గా అప్పుడే తలపైన ఫ్యాను కదిలింది.

"హమ్మయ్య, కరెంటొచ్చింది" అంది అమ్మమ్మ.

లాన్‌లోంచి గుర్రుమని చప్పుడు వచ్చింది. తర్వాత ఫటేల్మని ఏదో విరిగింది. ఆ వెనక మళ్ళీ గుర్రు. తాయారుకి అట్టు గొంతుకి అడ్డం పడింది.

లాన్‌లో, అప్పుడే తిరిగొచ్చిన వీర్రాజుగారు కొత్త పట్టుపంచె కట్టుకుని, స్టేజీ కింద నిలబడి, డెకరేషన్ చేసే చిట్టిబాబుకి పూలదండలు ఎక్కడ కట్టాలో చూపిస్తున్నాడు. వెనక మిషను చప్పుడు దగ్గరైంది.

"తాయారూ, అటు తిప్పవే, పంచె మీద గడ్డి పడుతుంది" అన్నాడు, వెనక్కి చూడకుండానే.

చప్పుడు ఇంకా దగ్గరైంది. చిరాగ్గా వెనక్కి తిరిగాడు. మిషను వస్తోంది. దాని వెనక మనిషి లేడు.

ఆయన కుడివైపు పరిగెత్తాడు. మిషను పూలకుండీకి గుద్దుకుని అదీ కుడివైపుకే తిరిగింది. ఎడమవైపు పరిగెత్తాడు. మిషను కుర్చీ కాలికి తగిలి ఎడమవైపుకి తిరిగింది. దారిలో నిలబెట్టిన 'స్వాగతం' థర్మోకోల్ అక్షరాలని నమిలేసి, తెల్లటి పొడి చిమ్ముతూ మళ్ళీ ఆయన వైపుకే వచ్చింది. వీర్రాజుగారు పంచె ఎగ్గట్టి, స్టేజీ ఎక్కి, అక్కణ్ణించి పెళ్ళికొడుకు సింహాసనం మీదికి ఎక్కేశాడు.

"ఆగు! ఆగమంటున్నానా!" అని, వంటవాళ్ళని గద్దించే గొంతుతో మిషనుని గద్దించాడు.

"వీర్రాజుగారూ, ఆ సింహాసనం పెళ్ళికొడుక్కండీ! చెప్పులతో ఎక్కేశారండీ!" అన్నాడు చిట్టిబాబు.

"నోర్మూసుకుని ముందు నువ్వు కూడా ఎక్కరా!"

"ఆయ్" అని చిట్టిబాబు పెళ్ళికూతురి కుర్చీ ఎక్కాడు.

తాయారు గోడ బోర్డు దగ్గరికి పరిగెత్తింది. ప్లగ్గు పీకబోయింది. రాలేదు. దానికి ముడి ఉంది. అది తాయారు ముడి. గోళ్ళతో లాగింది, గోరు విరిగింది. "కత్తి! ఎవరైనా కత్తి తీసుకురండి!" అని అరుస్తూ, పళ్ళతో పీకుదామని ముందుకి వంగింది.

అమ్మమ్మ వెనకనుంచి వచ్చి, ఆమె జడ పట్టుకుని ఇవతలికి లాగింది. వేలు పెట్టి స్విచ్చి నొక్కింది.

టక్.

మిషను స్టేజీ మెట్టుకి ముక్కు ఆనించి ఆగిపోయింది.

"దీన్ని స్విచ్చంటారే" అంది అమ్మమ్మ. "కరెంటు తీగని పళ్ళతో కొరుకుతావా?"

ముందు చిట్టిబాబు నవ్వాడు. తర్వాత సింహాసనం మీద నుంచే వీర్రాజుగారు నవ్వాడు. వాళ్ళని చూసి తాయారుకి కూడా నవ్వాగలేదు. నవ్వుతూనే వంటింటి కత్తి తెచ్చి ముడి కోసింది, ప్లగ్గు పీకింది. వెళ్ళి మిషనుని పక్కకి వంచి చూసింది.

బ్లేడు వంకరపోయింది. బ్లేడు వెనక మూలలో గరిటె పిడి ఇరుక్కుని ఉంది. మిగతాదంతా చెక్కపేళ్ళు.

"నా గరిటె!" అంది అమ్మమ్మ. ఆ వెంటనే తాయారు చేతికి మోచేతి దాకా అంటుకున్న పచ్చటి తడి ఆవిడ కంటపడింది. అక్కడే గడ్డిలో కూలబడి, తాయారు చెయ్యి ఒళ్ళోకి లాక్కుని, అప్పుడే పుట్టిన పిల్లకి చూసినట్టు ఒక్కొక్క వేలూ తడిమి చూసింది. అందరి నవ్వూ ఆగిపోయింది. తాయారు చెక్కపేళ్ళ వైపు చూసి, తన వేళ్ళ వైపు చూసుకుంది.

ఆదివారం మిషను బాగుచేసేవాళ్ళు ఎవరూ దొరకలేదు. మిగిలిన సగం లాన్ తాయారు కొడవలి పట్టుకుని కోసింది. ఇంత జరిగాక కౌంటర్ తప్పదని తెలిసి కూడా మధ్యాహ్నమంతా గొంతుక్కూర్చుని, ఒక్కసారి కూడా లేవకుండా కోసింది. వేళ్ళ మీద బొబ్బలెక్కాయి. నొప్పి పుట్టినప్పుడల్లా వేళ్ళు ముడిచి, మళ్ళీ చాపి చూసుకుంది. నొప్పి పెట్టడానికైనా అవి ఉన్నాయి కదా అనుకుంది.

సాయంత్రం దీపాలు వెలిగేసరికి లాన్ అంతా నున్నగా ఉంది, మిషను ఒంటరిగా తిరిగిన వంకర దారి మాత్రం మిగతాదానికంటే లోతుగా కనబడుతోంది. పెళ్ళికొడుకు మేనత్త దాన్ని చూసి, "స్టేజీదాకా ఈ మెలికల దారి భలే పెట్టించారండీ!" అంది.

"మా మేనకోడలి పనితనమండి" అన్నాడు వీర్రాజుగారు, దగ్గుతూ.

జనం వెళ్ళిపోయాక తాయారు ఆయన ముందు నిలబడింది. "రేపట్నుంచి కౌంటర్లో కూర్చుంటాను మావయ్యా."

"కూర్చోగలవా?"

"లేను."

"మరి? మిషను బాగుచేయించి నువ్వే కొయ్యి. ముందు ఆ చీర అంచులన్నీ తెచ్చి అమ్మమ్మకిచ్చెయ్. పూలకుండీలు తుడుచుకుంటుంది."

తాయారు అలాగే ఇచ్చేసింది. ఆ తర్వాత మిషను దగ్గర ఎప్పుడు వంగినా, ముందు ప్లగ్గు పీకి, దాన్ని కళ్ళెదురుగా గడ్డి మీద పెట్టుకుని గానీ చెయ్యి లోపల పెట్టేది కాదు. కరెంటు లేని రోజు కూడా అంతే. అమ్మమ్మ ఎన్నిసార్లు పిలిచినా అంతే, పెసరట్టు చల్లారినా సరే.

నీతి: మనల్ని కాపాడటానికి పెట్టిన మీటని మన సుఖం కోసం కట్టేస్తే, కట్లు తెంచుకునేది ఆపదే, మిషనులోకి చెయ్యి వెళ్ళాలంటే ముందు గోడలోంచి ప్లగ్గు బయటికి రావాలి.