నూకాలు నోరు మూసిన రోజు

ఒకప్పుడు మనుషులందరూ నోటితోనే ఊపిరి పీల్చేవాళ్లు. మరి ముక్కో? ముక్కెర మోయడానికి తప్ప ఎందుకూ కొరగాకుండా ముఖం మధ్యలో ఊరికే కూర్చునేది!

చెరకు తోటల ఊరివాళ్లకైతే ఒక భయం. నిద్రలో నోరు మూతపడితే ప్రాణం పోతుందని, పళ్ల మధ్య చెరకు ముక్క అడ్డం పెట్టుకుని పడుకునేవాళ్లు. తాతలు పెట్టుకున్నారు, మనవలూ పెట్టుకున్నారు. ఎందుకని అడిగిన పాపాన ఎవరూ పోలేదు!

ఆ ఊళ్లో నూకాలు అని పదేళ్ల పిల్ల. బెల్లం గానుగ మొదలయ్యే నాడు పళ్లతో చెరకు ఒలిచే పందెం పెడతారు. రెండేళ్లుగా గెలుపు నూకాలుదే. ఈసారి పందెం ఇంకా పది రోజులుందనగా ఒక గడ కొరికిందో లేదో, అబ్బా! చిగుళ్లు భగ్గుమన్నాయి.

"ఎవరి పనిది? ఇప్పుడే తేలాలి!" నడుం మీద చేతులేసుకుని గద్దించింది.

"నేను రోజూ పళ్లు కడుగుతూనే ఉన్నా. ఈ గాలే వచ్చి నన్ను ఎండబెడుతోంది!" అని నోట్లోని ఉమ్మి ఊట ఏడ్చింది.

"తలుపు బార్లా తీసిపెట్టి నన్నంటావా? ఆరబెట్టడమే నా పని!" అంది గాలి.

"నాకు రెండు తలుపులున్నాయి. ఒక్కరైనా అడిగారా?" అని ముక్కు మూలిగింది.

గాలి పకపకా నవ్వింది. "ఆ ఇరుకు సందులోనా? కొండలు దాటేదాన్ని!"

అంతే! నూకాలు పెదాలు బిగించేసింది.

"ఓలమ్మో! గుంట సచ్చిపోతాదర్రా! నోరు తెరవే!" మామ్మ పరుగెత్తుకొచ్చింది.

నూకాలు బుగ్గలు ఉబ్బాయి. కళ్లు ఎర్రబడ్డాయి. గాలి పెదాలు తట్టింది, బతిమాలింది. ఊహూఁ! గాలికే గుండె జారింది. పిల్ల పోతే నింద ఎవరి మీదికి?

"ఇటు రా, ఇటు!" అరిచింది ముక్కు.

గాలి తల వంచుకుని దూరింది. సుయ్! ముక్కులోని వెంట్రుకలు దాని దుమ్ము దులిపాయి. ముక్కు దానికి తడి అద్ది, వెచ్చబెట్టి లోపలికి పంపింది.

"ఓసి నీ! నోరు మూసీ బతికే ఉన్నావేటే!" అని మామ్మ విస్తుపోయింది.

నూకాలు తలూపింది. నోరు మాత్రం తెరవలేదు!

పది రోజుల్లో ఊట మళ్లీ ఊరింది, చిగుళ్లు చల్లబడ్డాయి. పందెం నాడు గడ ఫెళ్లుమంది. గెలుపు నూకాలుదే! మామ్మ తన చెరకు ముక్క తీసి దూడకి పడేసింది.

అప్పటినుంచే మనం ముక్కుతో ఊపిరి పీలుస్తున్నాం. జలుబు చేసి ముక్కు తలుపులు బిగుసుకున్న నాడు మాత్రం గాలి పాతదారి పడుతుంది. అందుకే ఆ పొద్దున లేచేసరికి నోరంతా పిడచకట్టుకుపోయి ఉంటుంది. గాలి మీద ఊట ఇంకా అలిగే ఉంది మరి!