ఒక్క అదిలింపుకే విందు

హైదరాబాదులో ఓ పెద్ద కూరగాయల మార్కెట్టు. దాని వెనక సందులో చుక్కమ్మ అనే మేక కాపురం. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు, కాస్త వంకర కొమ్ములు, ఈమధ్యే ఈనిన కవల పిల్లలు. వీటికి తోడు సందులో ఇంకెవరికీ లేని పేరు ఒకటి ఉంది ఆమెకి. చవకగా తిండి ఎక్కడ దొరుకుతుందో చుక్కమ్మకి తెలిసినట్టు మరో జీవికి తెలియదని.

పట్నంలో మనుషులు తిండిని డబ్బు పెట్టి కొంటారు. జంతువులు దెబ్బలు పెట్టి కొంటాయి. బియ్యం కొట్టు ముందు బస్తాలో మూతి పెడితే చీపురు తిరగేసి కొడతారు. ఇడ్లీ హోటలు వెనక గుమ్మంలో నిలబడితే చెంబుడు వేడినీళ్ళు వీపు మీద పడతాయి. పూలకొట్టులో ఒక్క దండ లాగితే బజారు బజారంతా వెంటపడుతుంది.

"ధర తెలుసుకుని మూతి పెట్టాలి" అనేది చుక్కమ్మ. "అరటిపళ్ళ బండి దగ్గరికి పొద్దున్నే ఎవరైనా వెళతారా? బండి కట్టేసే వేళకి వెళ్ళండి. మగ్గిపోయినవి అతనే విసురుతాడు. ఒక్క అదిలింపుతో పోతుంది. కొత్తిమీర అమ్మే ఆమె కట్టల మీద నీళ్ళు చల్లేటప్పుడు పక్కన చేరితే తిండీ తడీ రెండూ దొరుకుతాయి."

అందుకే కొత్తగా సందులోకి వచ్చిన కుక్క అయినా, కోడి అయినా ముందు చుక్కమ్మని అడిగే కడుపు సంగతి చూసుకునేది.

ఆమె తన కోసం ఉంచుకున్న బేరం మాత్రం ఈరన్న చెరకు రసం బండి. అక్కడ దెబ్బ లేదు, అదిలింపూ లేదు. మర నుంచి వచ్చిన పిప్పి కుప్ప పడితే ఊడ్చేవాళ్ళు ఈరన్నని తిడతారు. చుక్కమ్మ ఆ కుప్పని తినేసి నేల శుభ్రం చేస్తుంది. అందుకు మెచ్చి ఐసుపెట్టె కింద కారిన చల్లటి నీళ్ళు ఈరన్న ఆమెకి ఇనప తట్టలో పోస్తాడు. ఆ పిప్పితో, ఆ నీళ్ళతోనే ఆమెకి పాలు పడేవి. ఆ పాలతోనే పిల్లలు గెంతేవి.

ఆ ఏడు రోహిణి కార్తె నిజంగానే రోళ్ళు పగిలేలా వచ్చింది. దానికి తోడు సందు మొదట్లో ఉన్న చెత్తకుండీ తీసేసి, మూతలున్న బండ్లు తిప్పడం మొదలుపెట్టారు. సందులో అందరి డొక్కలూ లోపలికి పోయాయి. ఎండకి గోడల నీడలో పడి ఉన్న ముసలి ఎద్దు బసవయ్య, చూరు మీద నోరు తెరుచుకుని కూర్చునే కాకి కాంతమ్మ, అందరూ సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూసేవారు. చుక్కమ్మ ఒక్కతే బండి నీడన నిమ్మళంగా ఉండేది.

అది నాగభూషణం కంట్లో పడింది.

నాగభూషణం నక్క. ఊరి చివర గుట్టని కొట్టేసి అపార్టుమెంట్లు కడుతుంటే పట్నంలోకి దిగాడు. మనుషులు చూసి బక్కచిక్కిన ఊరకుక్క అనుకునేవారు. ఆ గౌరవానికి నాగభూషణం ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. గుట్ట మీద ఉన్ననాటి నుంచీ అతనికి చెరకంటే ప్రాణం. చెరకు వాసనా, చల్లటి నీళ్ళూ, నీడా ఒకే చోట కనిపించేసరికి ఇక నిద్ర పట్టలేదు.

ఒకనాటి పొద్దున చుక్కమ్మ పిప్పి తిని మూతి తుడుచుకుంటుండగా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, నీకింత పేరుందే. ఇంకా ఈ పిప్పి నములుతున్నావేంటి?" అన్నాడు, జాలిగా తల ఊపుతూ.

"పిప్పికేం తమ్ముడూ, తియ్యగా ఉంది."

"అయితే ఫ్లైఓవరు అవతల కొత్త ఫంక్షన్ హాలు సంగతి నీకు తెలియదన్నమాట."

చుక్కమ్మ చెవులు నిలబడ్డాయి. "ఏ హాలు?"

"తెలియదా? నీకు తెలియనిది కూడా ఉంటుందా అనుకున్నానే. ముహూర్తాల రోజులు. పూటకో పెళ్ళి. వెనక గేటు బార్లా తెరిచే ఉంటుంది. విస్తళ్ళలో పులిహోర, పెరుగన్నం, పనసకాయ కూర. తొట్టి నిండా మజ్జిగ. ధర ఎంతనుకున్నావు? ఒక్క అదిలింపు. అదైనా మొదటిసారి వెళ్ళినప్పుడే. తరవాత వాళ్ళే రమ్మంటారు."

చూరు మీద నుంచి కాంతమ్మ మెడ వంచి చూసింది. "నక్క తోక తొక్కావే చుక్కమ్మా" అంది.

"ఊరికే చెబుతున్నావా?" అంది చుక్కమ్మ.

"ఊరికే ఎవరు చెబుతారక్కా? మారుబేరం. ఆ చోటు నీది, ఈ బండి నాది. నాకా పెళ్ళిభోజనాలు అరగవు, గుట్ట మీద పుట్టినవాణ్ణి. ఈ చిన్న చోటు చాలు. కానీ ఈ పూటే చెప్పాలి. అవతలి సందు మేకలు నన్ను అడుగుతూనే ఉన్నాయి."

నిజానికి పులిహోర మీద, మజ్జిగ మీద చుక్కమ్మకి అంత మోజు లేదు. తనకి తెలియని చవక బేరం ఒకటి ఈ పట్నంలో ఉందన్న మాటే ఆమెని గండుచీమలా కుట్టింది. పైగా అవతలి సందు మేకలు ముందుగా వెళితే, రేపటి నుంచి అందరూ వాళ్ళనే అడుగుతారు.

ఆమె బసవయ్య వైపు తిరిగింది. "ఏమంటావు మామా?"

బసవయ్య నిదానస్తుడు. ఏ మాటైనా నోట్లో ఓ పది తిప్పులు తిప్పి గాని బయటికి తీయడు. అతను మాట నములుతుండగానే నాగభూషణం లేచి నిలబడి, "సరే, అవతలి సందుకే వెళతాలే" అన్నాడు.

"ఉండు తమ్ముడూ" అంది చుక్కమ్మ. "బేరం ఖాయం."

పిల్లల్ని బసవయ్య నీడలో వదిలి బయలుదేరింది. ఫ్లైఓవరు పక్కన తారు కరిగి గిట్టలకి అంటుకుంది. హారన్లకి గుండె అదిరింది. నాలుక పిడచకట్టుకుపోతుండగా హాలు దగ్గరికి చేరింది. పెళ్ళి నిజమే. వాసనలూ నిజమే. వెనక గేటు మాత్రం బార్లా తెరిచి లేదు. దానికి గొళ్ళెం, గొళ్ళెం పక్కన కుర్చీ, కుర్చీలో కాపలావాడు, వాడి కాళ్ళ దగ్గర బాగా మేపిన రెండు కుక్కలు. లోపల మిగిలిన తిండిని మనుషులు మూత ఉన్న బండిలోకి ఎత్తుతున్నారు.

చుక్కమ్మ గేటు సందులోంచి మూతి పెట్టింది. కర్ర వీపు మీద పడింది. వెనక్కి తిరిగింది. కుక్కలు తరుముకొచ్చాయి. మూల మలుపు దాకా వదల్లేదు. ఆమె నోటికి చిక్కిందల్లా గాలికి ఎగిరొచ్చిన ఓ కాగితం పళ్ళెం. దాని మీద పులిహోర రంగు తప్ప పులిహోర లేదు.

సాయంత్రానికి కుంటుకుంటూ సందుకి చేరేసరికి నాగభూషణం చెరకు బండి నీడన కాళ్ళు చాపుకుని ఉన్నాడు. మూతి తడిగా ఉంది. ముందుకాళ్ళ మధ్య చెరకు ముక్క ఒకటి.

"అబద్ధం చెప్పావు" అంది చుక్కమ్మ.

"పెళ్ళి లేదా అక్కడ?"

"ఉంది."

"పులిహోర లేదా?"

"ఉంది."

"మరి అబద్ధం ఎక్కడుందక్కా? లోపలికి వెళ్ళే నేర్పు నీకు లేకపోతే నేనేం చేసేది? బేరం బేరమే. కాంతమ్మ సాక్షి."

కాంతమ్మ సిగ్గుపడి ఎగిరిపోయింది.

చుక్కమ్మ బసవయ్య దగ్గరికి వెళ్ళింది. అప్పటికి బసవయ్యకి మాట తయారైంది. "అంత మంచి బేరాన్ని వాడెందుకు వదులుకుంటున్నాడని అడగమందామనుకున్నాను" అన్నాడు.

"ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె మామా" అంది చుక్కమ్మ. పిల్లలు వచ్చి పొదుగుని కుమ్మాయి. నాలుగు చుక్కలు వచ్చి ఆగిపోయాయి. చిన్నది ఇంకా గట్టిగా కుమ్మి, తల్లి మొహం వైపు చూసింది. ఎందరికో కడుపు నింపే దారి చెప్పిన చుక్కమ్మకి ఆ చూపు కర్రదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

బసవయ్య జరిగి, మార్కెట్టు గోడకి ఉన్న కారే కుళాయి దగ్గర తన చోటు ఇచ్చాడు. చుక్కమ్మ ఆ గోడకి గడ్డం ఆనించి, బొట్టు బొట్టుగా, కడుపు కుండలా ఉబ్బే దాకా నీళ్ళు తాగింది. ఆకలిని నీళ్ళతో జోకొట్టి పడుకుంది.

తెల్లవారింది. చుక్కమ్మ గోడ పక్కన కళ్ళు సగం మూసుకుని నెమరు వేస్తోంది. ముందురోజు పొద్దున బండి దగ్గర తిన్న పిప్పే, ఇంకా కడుపులో కాస్త మిగిలి ఉంది.

నాగభూషణం అటుగా వచ్చి ఆగిపోయాడు. మేకల్ని అతను పరుగెత్తుతున్నప్పుడు చూశాడు గాని తీరిగ్గా కూర్చున్నప్పుడు ఎన్నడూ చూడలేదు. నెమరు అనేది వాళ్ళ వంశంలోనే లేదు.

"పొద్దున్నే ఏం తింటున్నావక్కా?" అన్నాడు.

చుక్కమ్మ ఒక కన్ను తెరిచింది. అతని చూపు తన దవడల మీద, ఉబ్బిన పొట్ట మీద తిరగడం చూసింది. ఒక్క క్షణం దవడలు ఆగాయి. మళ్ళీ కదిలాయి, ఈసారి ఇంకాస్త నెమ్మదిగా.

"నిన్న తిన్నదే తమ్ముడూ" అంది. "ఇంకా అయిపోలేదు."

"నిన్నటిది ఇవాళ దాకానా?"

"నోట్లోకి వస్తూనే ఉంది. నేనేం చేయను."

నాగభూషణం దగ్గరికి వచ్చి వాసన చూశాడు. తియ్యగా, పుల్లగా ఏదో వచ్చింది. "గడ్డానికి ఆ తెలుపేంటి? పెరుగా?"

అది గోడ సున్నం. చుక్కమ్మ నాలుక చాపి కొంచెం నాకి, "తుడుచుకోవడానికి ఓపిక లేకపోయింది" అంది. అదీ నిజమే.

"నిన్న కుంటుతూ వచ్చావు కదా?"

"ఈ పొట్ట వేసుకుని నువ్వు నడిచి చూడు తెలుస్తుంది."

నక్క బసవయ్య వైపు తిరిగాడు. "ఏం తాతా, ఈమె రాత్రంతా ఇలాగే నములుతోందా?"

బసవయ్యకి ఈసారి మాట తొందరగానే వచ్చింది. "చాలాసేపు నమిలింది" అన్నాడు. అతని దవడలు కూడా ఆడుతున్నాయి.

"నీక్కూడా తెచ్చిందా?" అన్నాడు నాగభూషణం. గొంతులో బాధ దాగలేదు. ఆ హాలు ముందు నుంచి అతను ఒకే ఒక్కసారి నడిచాడు. గోడ అవతలి దీపాలు చూసి, వాసన పీల్చి, కాపలావాణ్ణి చూసి తిరిగొచ్చేశాడు. ఇప్పుడు అనిపించింది, తను అప్పుడు తొందరపడ్డాడేమోనని. మేక వెళ్ళగలిగిన చోటికి నక్క వెళ్ళలేడా? పులిహోర, పనసకాయ కూర, తొట్టెడు మజ్జిగ. చెబుతున్నప్పుడు ఎంత బాగా చెప్పాడో గుర్తొచ్చి అతనికే నోరూరింది.

"అక్కా, మనలో మనం కనక అడుగుతున్నా. చోట్లు మళ్ళీ మార్చుకుందాం."

"బేరం బేరమే అన్నావుగా."

"అన్నాను. నీ పిల్లలు ఇక్కడుంటే నువ్వు అంత దూరం రోజూ ఎలా తిరుగుతావు? ఆ కష్టం చూడలేక అడుగుతున్నా."

"ఇవాళ మార్చుకుంటావు, రేపు మళ్ళీ బండి నాదంటావు. నాకెందుకొచ్చిన గొడవ" అని చుక్కమ్మ కళ్ళు మూసుకుంది.

"అనను. ఈ సందులోకే రాను. బసవయ్య తాత సాక్షి. ఇదిగో, చూరు మీదున్న కాంతమ్మా, నువ్వూ విను. ఇక ఆ చెరకు బండికీ నాకూ సంబంధం లేదు."

చుక్కమ్మ చాలాసేపు ఆలోచిస్తున్నట్టు నమిలింది. నక్క కాళ్ళు నేల మీద నిలవడం లేదు. చివరికి, "సరేలే, నీ ముచ్చట నేనెందుకు కాదనాలి" అంది.

ఆ మాట పూర్తయ్యేలోగా నాగభూషణం సందు దాటేశాడు. ఈసారి కాంతమ్మ వెంట ఎగిరింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చి చూరు మీద వాలి, రెక్కలు సర్దుకుని చెప్పింది.

"గేటు దగ్గరికి దర్జాగా వెళ్ళాడు. కాపలావాడు కునుకు తీస్తున్నాడు, కర్ర కూడా లేవలేదు. గేటు సందులోంచి తలా, భుజాలూ దూర్చాడు. అక్కడే ఇరుక్కున్నాడు. మేక వాసన వేరు, నక్క వాసన వేరు. కుక్కలకి పెళ్ళిలో అసలు పెళ్ళి దొరికింది. ఎలా ఊడాడో ఊడాడు, సగం బొచ్చు గేటుకే ఉంది. ఫ్లైఓవరు ఎక్కి, బస్సుల మధ్య నుంచి దూరి, ఊరవతలి రాళ్ళ దాకా తరిమాయి. దారి పొడుగునా ఒకటే అరుపు, 'నేను కుక్కనే, నేను కుక్కనే' అని."

బసవయ్య ముక్కు ఎగబీల్చాడు. "తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు."

"నేనేం తన్నలేదు మామా" అంది చుక్కమ్మ. "అడిగినదానికి జవాబు చెప్పాను. మిగతాదంతా అతనికి అతనే చెప్పుకున్నాడు."

పిల్లల్ని వెంటేసుకుని ఆమె చెరకు బండి దగ్గరికి నడిచింది. పిప్పి మోకాలెత్తు పడి ఉంది. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ ఈరన్న ఆమెని చూశాడు.

"యాడికి పోయినవే? ఆ బక్క కుక్క చెరకు నాకుడే గాని పిప్పి ఒక్క పుల్ల ముట్టలే" అని, ఐసుపెట్టె కింది నీళ్ళు తట్ట నిండా పోశాడు.

చుక్కమ్మ ముందు పిల్లల్ని తాగనిచ్చింది. తరవాత తను తాగింది. తరవాత పిప్పి కుప్పకి తల వంచి, ఎండ వాలే దాకా ఎత్తలేదు.

నీతి: అబద్ధం అమ్ముకునేవాడు ఎదుటివాడి నోరు ఆడుతుంటే చూడలేక చివరికి తన సరుకు తానే కొంటాడు.