నాన్నగారిని సాగనంపిన అన్నదమ్ములు

ములగలంకలో తెలివి ఎక్కడుందని అడిగితే, చయనులూ అతని తమ్ముళ్ళూ ‘మా ఇంట్లోనే’ అని చెప్పేవాళ్ళు. అది బయటికి పోకుండా కిటికీలు కూడా మూసి ఉంచేవాళ్ళు. పెద్దవాడు చయనులు, తర్వాత లింగమూర్తి, ఆఖరివాడు బుచ్చన్న. తల్లి ఎప్పుడో పోయింది. తండ్రి నరహరిగారు పోయి ఏడాది కావస్తోంది. ఆయనున్నన్నాళ్ళూ ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ఆయనే చెప్పేవారు. ఇప్పుడు చయనులు పొద్దున్నే లేచి తండ్రి పడక్కుర్చీ దగ్గర కాసేపు నిలబడేవాడు. ఎవరూ ఏమీ చెప్పకపోతే వెళ్ళి మళ్ళీ పడుకునేవాడు.

తద్దినం దగ్గరపడింది. పురోహితుడు అచ్యుతావధానులుగారు వచ్చి చెప్పారు. “సరిగ్గా పెట్టకపోతే మీ నాన్న ఏడాదంతా పస్తుంటాడు. పొద్దున్నే స్నానాలు చేసి, మడి కట్టుకుని వంట మొదలెట్టండి. నేను భోక్తను తీసుకొస్తాను.”

“భోక్త అంటే ఎవరండీ?”

“మీ నాన్న బదులు భోంచేసే ఆయన. ఆ పూటకి ఆయనే మీ నాన్న అనుకోండి.”

చయనులు గబగబా తండ్రి పడక్కుర్చీ దులిపాడు. “నాన్నగారు వస్తున్నార్రా” అన్నాడు తమ్ముళ్ళతో.

ఇంకేముంది, తద్దినం నాడు ముగ్గురూ స్నానాలు చేసి, పారలు పట్టుకుని పెరట్లోకి దిగారు. చుట్టూ గట్టు వేసి, నీళ్ళు పెట్టి, చక్కగా మడి కట్టారు. దాని మధ్యలో పొయ్యి పెట్టారు. మోకాలి లోతు బురదలో ఎంత ఊదినా మంట రాజుకోదు.

“నారు పొయ్యలేదు కదా, అందుకేనేమో” అన్నాడు బుచ్చన్న.

అవధానులుగారు వచ్చి చూసి, తల పట్టుకుని, తానే వంటింట్లో పొయ్యి వెలిగించుకున్నారు. వంటయ్యేదాకా భోక్తను కనిపెట్టుకుని ఉండమని అన్నదమ్ములకి అప్పగించారు.

భోక్త పొరుగూరి కొండుభొట్లుగారు. పొట్టిగా, బక్కగా, గట్టిగా మాట్లాడ్డం తెలియని మనిషి. నరహరిగారేమో ఆరడుగుల మనిషి. చయనులు ఆయన్ని కిందనించి పైదాకా చూసి, “ఏడాది తిండి లేకపోతే ఇంతే మరి” అని కళ్ళు తుడుచుకున్నాడు. పడక్కుర్చీలో కూర్చోబెట్టి, “నాన్నగారూ, తూర్పు చేలో ఏం వెయ్యమంటారు?” అని అడిగాడు.

“నాకేం తెలుసు నాయనా?”

“పైకెళ్ళాక అన్నీ మరిచిపోయారు” అన్నాడు లింగమూర్తి.

“నాన్నగారికి ముందు పళ్ళు రెండు లేవు. ఈయనకి అన్నీ ఉన్నాయి” అంటూ బుచ్చన్న పటకారు తెచ్చాడు. కొండుభొట్లుగారు గట్టిగా నోరు మూసుకున్నారు.

“ఇప్పుడు కనిపించడం లేదుగా, సరిపోయింది” అన్నాడు చయనులు.

ఎలాగో మంత్రాలయ్యాయి. భోక్తకి విస్తరి వేశారు. తండ్రి మళ్ళీ పస్తుండకూడదని చయనులు ఏడాదికి సరిపడా వడ్డించాడు. చెయ్యి అడ్డం పెడితే చేతిమీద వడ్డించాడు. తిన్నాక కొండుభొట్లుగారు లేవలేక చాపమీద వాలిపోయి కళ్ళు మూసుకున్నారు.

అప్పుడు అవధానులుగారు తన విస్తరి ముందు కూర్చుంటూ, “ఇక మీ నాన్నని మర్యాదగా సాగనంపండి” అన్నారు.

“అప్పుడేనా అండీ?” అన్నాడు చయనులు.

“పితృదేవతల్ని ఉంచుకోకూడదు నాయనా.”

ముగ్గురూ పెరట్లోకి వెళ్ళారు. “నాన్నగారిని కిందటేడు ఎలా సాగనంపాం?” అన్నాడు లింగమూర్తి.

అంతే. వెదుళ్ళు కొట్టారు, తాళ్ళు కట్టారు, గడ్డి పరిచారు. నిద్రలో ఉన్న కొండుభొట్లుగారిని మెల్లగా పాడెమీద పడుకోబెట్టి భుజానికెత్తుకున్నారు. ముందు తమ్ముళ్ళిద్దరూ, వెనక చయనులు. “ఈసారి ఊపిరి తీస్తున్నారు. అదొక్కటే ఊరట” అనుకుంటూ నడిచాడు చయనులు.

దింపుడు కళ్ళం దగ్గర పాడె దించారు. పోయినవాడు పలుకుతాడేమోనని అక్కడ చెవిలో ఆఖరిసారి పిలుస్తారు. కిందటేడు చయనులు గొంతు పోయేలా పిలిచినా తండ్రి పలకలేదు. ఇప్పుడూ వంగి, “నాన్నగారూ” అన్నాడు.

“ఆఁ, ఏం నాయనా?” అన్నారు కొండుభొట్లుగారు కళ్ళు మూసుకునే.

చయనులు నేలమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. “పలికారు, నాన్నగారు పలికారు” అంటూ తమ్ముళ్ళని కౌగిలించుకున్నాడు. ఆ ఏడుపులకి కొండుభొట్లుగారు కళ్ళు తెరిచారు. పైన ఆకాశం, కింద పాడె, ఎదురుగా శ్మశానం. ఒక్క ఉదుటున లేచి, గట్ల మీదుగా తన ఊరి వైపు పరుగు తీశారు.

“చేలు చూసుకోవడానికి వెళ్తున్నారు” అన్నాడు లింగమూర్తి తృప్తిగా.

అటుగా పోతున్న రైతొకాయన ఆగి, “ఏవయ్యా, ఖాళీ పాడె ఇంటికి తీసుకెళ్ళకూడదు” అని చెప్పిపోయాడు.

చయనులు పాడెను ఓసారి చూశాడు. “అయితే ఖాళీగా వద్దు” అని తానే ఎక్కి పడుకున్నాడు. తమ్ముళ్ళిద్దరూ చెరోవైపూ ఎత్తుకుని ఇంటికొచ్చారు.

అవధానులుగారు చెయ్యి కడుక్కుని వీధరుగు మీదికి వచ్చేసరికి గుమ్మంలో పాడె, దానిమీద చయనులు. ఆయన అరుగు స్తంభం పట్టుకుని అడిగారు. “చయనులు ఎప్పుడు పోయాడర్రా?”

“ఇందాకే పోయాడండీ. ఇదుగో, ఇప్పుడే వచ్చాడు” అన్నాడు బుచ్చన్న.

చయనులు లేచి కూర్చుని ఆయనకి దండం పెట్టాడు. అవధానులుగారు కెవ్వుమని అరుగుమీదే మూర్ఛపోయారు.

ముగ్గురూ ఆయన చుట్టూ చేరారు. పిలిచినా పలకలేదు. పాపం, పొద్దున్నించీ తమకోసం ఎంత కష్టపడ్డారో అని చయనులుకి జాలేసింది. గబగబా వెళ్ళి పాడెమీది గడ్డి సర్ది, “ఈయన్నీ మర్యాదగా సాగనంపాలర్రా, పట్టండి” అన్నాడు.